ముందు దానికి గుచ్చు

సోమవారం సోమవారం
సాల్మియాలో మూడో అంతస్తుకి
ముసలామె చక్రాల కుర్చీ తోసుకుపోయేది నేనే.
లిఫ్టులో అద్దం ఉంటాది.
అందులో ఆమె తల, ఆ తలమీద నా తల,
ఒకదానిపై ఒకటి పెట్టిన బిందెల మాదిరి.

మొదటి రోజు
చైనా డాక్టరమ్మ డబ్బీ తెరిస్తే
తలవెంట్రుకంత సన్నం సూదులు.
ఇంట్లో పదకొండు మందిని అరిచి ఆడించే ముసలామె
కుర్చీ పిడి గట్టిగా పట్టుకునింది.
నా వైపు గడ్డం ఎత్తి
"ముందు దానికి గుచ్చు, చూస్తాను" అనింది.

కూరలో ఉప్పు నేనే చూస్తా.
స్నానం నీళ్ల వేడి ముందు నా మోచేతికే తెలుస్తాది.
కొత్త మాత్ర ఒకసారి సగం విరిచి
నా నోట్లో ఏసింది.
ఇదీ అంతేలే అనుకుంటి.

డాక్టరమ్మ నన్నడిగింది:
"నొప్పి ఎక్కడ?"
తొమ్మిదేండ్లలో ఆ మాట ఎవురూ అడగలా.
జవాబు తయారుగా లేదు.
అరబ్బీలో పొరక తెలుసు, సబ్బు తెలుసు,
'ఇప్పుడే వస్తా' తెలుసు.
మెడనరం తెలీదు.
ముల్లుకు ముల్లే మందంటారు మా పక్క.
కాల్లో ముల్లయితే కనపడతాది,
ఇది ఎక్కడుండాదని చూపిచ్చేది?
చెయ్యి ఎనక్కి పెట్టినా:
ఇక్కడ, నీళ్ల డబ్బాలు మేడెక్కించే చోట.
ఇక్కడ, ఇస్త్రీపెట్టె బరువు దిగే చోట.
ఇంకా, రెప్ప మూసినా చెవి మూసుకోదని
ఎట్లనో చెప్పినా.

కంసాలి కమ్మను చూసినట్టు
ఆమె నా చెవి పట్టుకుని చూసింది.
పైన గుంటలో ఒక సూది. చీమ కుట్టినంత.
మెడ కింద రెండు.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకటి,
అక్కడ మాత్రం బరువు, నీళ్లు దిగినట్టు.

"ఇరవై నిమిషాలు. కదలొద్దు."

నాకు నవ్వొచ్చింది.
కదలకుంటే జీతం ఇచ్చేది ఎవురు?

ఇది ఏం చెవి అనుకున్నారు!
మాయమ్మ పెట్టిన పేరు పెంచలమ్మ.
వీళ్ల నాలుక మీద 'ప' లేదు,
బెంచలా అంటే పలికే చెవి ఇది.
గంట మోగక ముందే వింటాది.
రెండు గోడల అవతల పిల్లోడు పక్క తడిపితే వింటాది.
శుక్రవారం మాలియాలో మనోళ్ల నడుమ కూచున్నా
ఎవురి ఫోను మోగినా నా కాళ్లు లేచి నిలబడతాయి.
అట్లాంటి చెవికి గడియ పెట్టి
తలుపు దగ్గరికేసి పోయింది డాక్టరమ్మ.

బయట దుమ్ము లేచినట్టుంది, వీళ్లు తూజు అంటారే, అది.
కిటికీ అంతా పసుపు.
ఏదో ఆకు కాల్చిన వాసన,
వేపాకు కాదు, వాయిలాకు కాదు.
చేతి సూది చివర నా నాడి ఊగతా కనపడింది.

అప్పుడే ముసలామె సంచిలో ఫోను.
ఒళ్లు లేవబోయింది. సూదులు వద్దన్నాయి.
ముసలామె తానే తడిమి,
వణికే వేలితో నొక్కి,
పెద్దకోడలికి చెప్పింది:
"బెంచల పండుకోనుంది. ఏముంటే నాకు చెప్పు."

ఏడుపు ఎందుకొచ్చిందో.
చెవి పక్కన పారతా ఉంటే తుడుచుకునేకి లేదు,
చేతికి సూది ఉండాది.

నొప్పి పోయిందా అని
నా గదిలో ఉండే శ్రీలంక పిల్ల అడిగింది.
బుధవారానికి మళ్లీ వచ్చింది.
సూదిలో ఏముందో నాకు తెలీదు,
లేనిపోనిది చెప్పను.
ఆ సోమవారం రాత్రి మాత్రం
పొద్దున అలారం నన్ను వెతుక్కోవాల్సి వచ్చింది.

ముసలామె మోకాళ్లకి ఇప్పుడు ఏడు సూదులు.
భయం ఎప్పుడో పోయింది,
గుచ్చేటప్పుడు ఖర్జూరం నములుతుంటాది.
అయినా డబ్బీ తెరవంగానే
నా వైపు గడ్డం ఎత్తి
"ముందు దానికి" అంటాది.
రుచి చూడమనో, ఇంకేమనో.
నేను అడగలా, ఆమె చెప్పలా.

కౌంటరు చీటీలో
రెండు అని రాసుంటాది.
దీనార్లు లెక్కబెట్టేటప్పుడు
నన్ను కిటికీ వైపు చూడమంటాది.